కడగని బేసిను

"కడగొద్దంటే కడగొద్దు వదినా. వదిలిపెట్టు."

"వదల్ను. నెల రోజులాయె దీనికి సబ్బు తగిలి. అంచులకంతా పిండి తట్టు కట్టింది చూడు, గోడకు పిడక కొట్టినట్టు. ఇది నా బేసిను. మా మామా పోతా పోతా నాకిచ్చిపోయిన బేసిను."

"ఆమె ఇచ్చింది బట్టలు ఉతుక్కోమని. ఇప్పుడు దీంట్లో వీధికంతా రొట్టెల పిండి కలుపుతాండా. కడిగితే దీని గుణం పోతాది."

"ఏం గుణం? మురికి గుణమా?"

నీలం ప్లాస్టిక్ బేసినుకు ఒక అంచు సంజీవమ్మ చేతిలో ఉంది, రెండో అంచు రెడ్డెమ్మ చేతిలో ఉంది. సంజీవమ్మ ఇంకో చేతిలో పీచు, సబ్బు ముక్క. ఇద్దరూ లాగడం లేదు. ఇద్దరూ వదలడం లేదు. పొద్దున మసీదులో బాంగు అయినప్పటి నుంచీ ఇదే వరస.

కువైట్‌లో, అర్దియాలో గరాజు వెనక ఉన్న ఆ రెండు గదులూ నిజానికి గంగాదేవివీ, ఆమె మొగుడు చిన్నపుల్లయ్యవీ. చిన్నపుల్లయ్య అక్క సంజీవమ్మ సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనిచేసేది. ఇరాక్ సైన్యం వచ్చిన నాలుగో రోజు ఆ ఇంటివాళ్ళు కారెక్కి సౌదీ దారి పట్టారు. పోయే ముందు మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, సంజీవమ్మ పాస్‌పోర్టును ఈ బేసినులో పెట్టి చేతికిచ్చింది. సంజీవమ్మ ఆ బేసిను నెత్తిన పెట్టుకుని తమ్ముడి ఇంటికి వచ్చింది.

గంగాదేవి అక్క రెడ్డెమ్మ మాత్రం జైలు నుంచి వచ్చింది.

ట్యాంకులు ఊళ్ళోకి దిగిన రోజు కాపలావాళ్ళు తాళాలు తీసిపెట్టి తమ దారిన తాము పోయారు. పద్నాలుగు నెలలు లోపల ఉన్న మనిషి చెప్పుల్లేని కాళ్ళతో ఆగస్టు ఎండలో నడిచి వచ్చి చెల్లెలి గడపలో నిలబడింది. చేతిలో ఒక చిన్న గుడ్డమూట. గంగాదేవి విప్పి చూస్తే గుప్పెడు పులిసిన పిండి.

జైలు వంటశాలలో ఒక ముసలి ఇరానీ ఖైదీ దగ్గర రెడ్డెమ్మ రొట్టె పని నేర్చుకుంది. నిన్నటి పిండిలో ఒక ముద్ద మిగిల్చుకోవాలి. దాన్ని ఇవాళ్టి పిండిలో కలపాలి. మళ్ళీ రేపటికి ఒక ముద్ద తీసిపెట్టుకోవాలి. అంతే విద్య. అంగళ్ళలో ఈస్టు దొరకని ఈ నెల రోజులూ ఆ ముద్దే వీధికి రొట్టె పెట్టింది. గరాజువాళ్ళు డీజిల్ డ్రమ్ము కోసి, లోపల మట్టి మెత్తి, తన్నూరు పొయ్యి చేసి ఇచ్చారు. వీధి మూలలో కాపలా ఉన్న ఇరాకీ సిపాయిలు కూడా పిండి బస్తాలు తెచ్చి దించి, పది రొట్టెలు పట్టుకుపోతున్నారు.

ఇంకో మూడు రోజుల్లో బస్సు. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు దాకా, అక్కణ్ణుంచి విమానంలో ఊరికి. గరాజులో ఆగిపోయిన కంపెనీ బస్సును చిన్నపుల్లయ్య బాగు చేశాడు. తోలేదీ ఆయనే. అరవై నాలుగు మంది మనుషులు, నాలుగు రోజుల దారి. ఆ నాలుగు రోజుల రొట్టె రెడ్డెమ్మ కాల్చాలి.

ఆ అరవై నాలుగులో రెడ్డెమ్మ పేరు ఉందో లేదో మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఇద్దరూ తినేసి కొట్లాడుకోండి," అంది గంగాదేవి, దోసెలు తెచ్చి పెడుతూ. "నెలయింది ఇంట్లో దోసె పోసి. వేడివేడిగా తినండి."

ఇద్దరూ బేసినును మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఇద్దరి ఎడమ చేతులూ దాని అంచు మీదే ఉన్నాయి. బయట బస్సు కింద పడుకుని పని చేసుకుంటున్న చిన్నపుల్లయ్య కాళ్ళు తలుపులోంచి కనిపిస్తున్నాయి.

రెడ్డెమ్మ రెండు ముక్కలు తిని ఆగింది. మూడో ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా అట్లాగే ఉంది.

"దోసె బాగుండాది. పిండి ఎప్పుడు నానేసినావమ్మీ?"

"నేను కాదక్కా, మా వదిన కలిపింది."

సంజీవమ్మ ముఖం వికసించింది. "నానేసేదానికి మినుములు యాడుండాయి? బియ్యప్పిండి ఇంత, గోధుమపిండి ఇంత. పులుపు లేకుంటే దోసె కాదు గదా. అల్మారాలో తెల్ల గిన్నెలో పులిసిన పిండి ముద్ద ఉండె. ఎవురో మూత పెట్టి మరిచిపోయినట్టుండారు, పారబొయ్యడం ఎందుకని కలిపేసినా."

"అంతా?"

"అంతా. గిన్నె కూడా కడిగి బోర్లించినా."

పెనం మీద ఆఖరి దోసె అంచులు లేచి మాడడం మొదలైంది. గంగాదేవి అట్లకాడ పట్టుకుని దాన్ని తియ్యడం మరిచిపోయింది.

పులిసిన పిండి కంటబడితే దోసె పోయాలనిపించడం మన ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే బుద్ధి. అందుకు సంజీవమ్మను తప్పుపట్టేవాళ్ళు ఆ గదిలో లేరు. ఆమెకే తెలిసింది, ముందు చెల్లెలి ముఖం, తర్వాత అక్క ముఖం చూశాక.

"అది... ఆ ముద్దేనా?"

రెడ్డెమ్మ చూపు బోర్లించిన తెల్ల గిన్నె మీదికి పోయింది.

"మూత పెట్టి ఉండె, నాకేం తెలుసు? నువ్వన్నా చెప్పాల గదా గంగాదేవీ. ఈడ నోరు తెరిచి చెప్పేవాళ్ళు ఎవురుండారు? మీ అక్క మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో..." అంటూ గొంతు పెంచబోయి, సగంలో ఆపేసింది.

ఆమె ఎడమ చెయ్యి బేసిను అంచు మీంచి మెల్లగా జారి ఒళ్ళో పడింది.

రెడ్డెమ్మ నోట్లో ముక్క మింగింది. మంచినీళ్ళు తాగింది. బేసినును దగ్గరికి లాక్కుని అంచుల వైపు తేరిపారా చూసింది.

"దీనికి సబ్బు పడలేదు గదా వదినా?"

"పడలేదు. నువ్వు పడనిస్తే గదా."

రెడ్డెమ్మ చెంచా తెచ్చుకుంది. బేసిను గోడలకు ఎండి అతుక్కున్న పిండి పెచ్చులను ఒక్కొక్కటే గీరడం మొదలుపెట్టింది. అడుగున, మడత సందుల్లో ఇంకా తడి ఆరని పిండి గోటికి తగిలింది. అంతా కలిపితే దోసెడు కాలేదు. గోరువెచ్చటి నీళ్ళు, గుప్పెడు పిండి వేసి పలచగా కలిపి, తెల్ల గిన్నెలో పోసి, గుడ్డ కప్పింది.

"ఆ ముసలామె చెప్తాండె నాకు, పిండి కలిపే తొట్టి కడగొద్దు అని. ఎందుకో ఆ పొద్దు అడగలేదు."

"లేస్తాదా అక్కా?" అంది గంగాదేవి.

"ఏమో. లేవకుంటే చపాతీలు చేసి ఇస్తా. రెండో దినానికి అప్పడాలైతాయి. మూడో దినానికి పిల్లోళ్ళు ఏడుస్తారు." ఒక క్షణం ఆగి, "నన్ను ఎక్కించుకునేదానికి వాళ్ళకు ఉన్న ఒక్క సాకు కూడా పోతాది," అంది.

*

మర్నాడు పొద్దున్నుంచి సంజీవమ్మ ఆ గుడ్డ ఎత్తి చూడడం ఇది ఏడోసారి.

"గాలి తగలనీయకు వదినా."

"నేను ఎత్తలేదు. పక్కకు జరిగితే సరిచేసినా."

ఎనిమిదోసారి ఎత్తినప్పుడు ఆమె కదలకుండా నిలబడిపోయింది. గిన్నెలో పిండి వేలెడు పైకి లేచింది. మీద చిన్న చిన్న బుడగలు, చూస్తుండగానే ఒకటి పగిలి ఇంకొకటి పుడుతోంది. పుల్లటి వాసన గదంతా కమ్ముకుంది.

"బతికింది," అంది సంజీవమ్మ. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. ఆమే వెళ్ళి బేసిను తెచ్చి రెడ్డెమ్మ ముందు పెట్టింది. సబ్బు ముక్క ఎక్కడ దాచిందో మళ్ళీ కనిపించలేదు.

రెడ్డెమ్మ పిండి పిసుకుతుండగానే చినబాబు వచ్చాడు. కోనసీమ మనిషి, షర్క్‌లో ఒక కంపెనీ ఆఫీసులో గుమాస్తా. దస్తూరి బాగుంటుందని బస్సు జాబితా రాసే పని అందరూ ఆయన మీదే పెట్టారు.

"టీ వద్దండి, ఇప్పుడే తాగొచ్చానండి," అంటూనే కూర్చుని గ్లాసు అందుకున్నాడు. "రెడ్డెమ్మ గారికి ఒక శుభవార్త తెచ్చానండి."

జేబులోంచి ఒక పాస్‌పోర్టు తీశాడు.

"గంగారత్నం గారని, మా అమలాపురం ఆవిడండి. మా ఓనరు గారింట్లో చేసేవారు. మొదటి వారంలోనే వాళ్ళతో పాటు కారులో ఎడారి దాటి వెళ్ళిపోయారండి. ఇది మాత్రం ఆఫీసు బీరువాలో ఉండిపోయింది. ఈడూ జోడూ సరిపోద్దండి. ఫొటో చూడండి, ముక్కుపుడకతో సహా ఉంది."

పాస్‌పోర్టు చేతులు మారింది. సంజీవమ్మ దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఈమెది గుండ్రం ముఖం. రెడ్డెమ్మది జైలు కూడు తిని కోలగా అయింది. పోనీలే, యుద్ధంలో ఎవురు బక్కచిక్కలేదు?"

"అదేనండి నేననేది. ఎవరన్నా మనవాళ్ళు తెలుగులో పలకరిస్తే మాత్రం మన గోదావరి మాట రావాలండి. 'ఏ ఊరండి' అంటే, 'ఆయ్, అమలాపురం అండి' అనాలి."

"అను రెడ్డెమ్మా. ఆయ్ అండి అను," అంది సంజీవమ్మ.

"ఆయ్, ఎల్లొస్తానండి, ఉంటానండి," అని గంగాదేవి సాగదీసి అనేసరికి సంజీవమ్మ పక్కున నవ్వింది.

"మేం అంత ఎటకారంగా మాట్లాడమండి," అన్నాడు చినబాబు చిన్నబుచ్చుకుని.

"ఇప్పుడు మాట్లాడినావు గదప్పా."

చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వులు వినబడ్డాయి. చిన్నపుల్లయ్య కూడా గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ గుమ్మంలో చిన్నగా నవ్వాడు. రెడ్డెమ్మ నవ్వలేదు. పిడికిళ్ళతో పిండిని నొక్కుతూ, మడుస్తూ, మళ్ళీ నొక్కుతూ ఉంది.

"నా పేరుతో పొయ్యేదానికి దారి లేదా?"

నవ్వులు ఆగిపోయాయి.

"ఉందండి," అన్నాడు చినబాబు ఇబ్బందిగా. "పాస్‌పోర్టు లేనోళ్ళకి బస్రాలో మన ఎంబసీ వాళ్ళు కాగితం ఇస్తున్నారంటండి. దానికి అర్జీ పెట్టాలి. మీరెవరో తెలిసినోళ్ళు, రక్తసంబంధం కానోళ్ళు ఇద్దరు సాక్షి సంతకం చెయ్యాలి. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు, పాస్‌పోర్టు ఏమైంది, అన్నీ రాయాలండి. మరి మీది... జైలు అని రాయాలి కదండి. శిక్ష ఇంకా మిగిలున్నట్టే లెక్క. దారిలో ఎవరన్నా దింపేస్తే అడిగే నాథుడు లేడండి."

"ఇంకేమన్నా ఉందా?"

చినబాబు గ్లాసులోకి చూశాడు. "ఇద్దరు జైలు మనిషితో ఒకే బస్సులో రామంటున్నారండి. పిల్లలతో ఎల్తున్నాం అంటున్నారు. సూర్యకిరణ్ గారు, ఆయన బావమరిది గారు."

"నిన్న కాక మొన్న పదహారు రొట్టెలు పట్టుకపోయిన సూర్యకిరణా?" అంది సంజీవమ్మ.

"ఆయ్. ఆయనేనండి."

గంగాదేవి వచ్చి అక్క పక్కన కూలబడింది. "అక్కా, ఈ పాస్‌పోర్టు తీసుకోక్కా. ఊళ్ళో ఎవురికీ తెలీదు. నీ బిడ్డ వెంకటేశ్వరికి నెలనెలా నేనే ఉత్తరం రాసినా, నువ్వు రాసినట్టు. నేను బాగుండా, మామా మంచిది, సెలవు ఇయ్యడం లేదు అని. పద్నాలుగు ఉత్తరాలు. హాస్టల్లో అందరికీ చూపించుకుందంట. పదో తరగతి పాసయినా అమ్మా అని నీకు రాసింది. ఆ పిల్లకు ఇప్పుడు జైలు అని ఎట్ల చెప్తావు?"

రెడ్డెమ్మ చేతులు పిండిలో ఆగిపోయాయి.

రెడ్డెమ్మను జైలుకు పంపిన గాజు కథ ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆమె పనిచేసిన ఇంటి మామా బంగారు గాజు పోయింది, రెడ్డెమ్మ మీద కేసు పెట్టారు, పాస్‌పోర్టు వాళ్ళే ఉంచుకున్నారు, శిక్ష పడింది. ఆమె జైలుకు పోయిన ఏడో నెలలో పరుపు కింద గాజు దొరికిందని ఆ ఇంటి వంటామె కబురు పంపింది. గాజు దొరికిన మాట మాత్రం ఆ ఇంటివాళ్ళు ఎవరికీ చెప్పలేదు.

"మీ వంశమే అంత," అంది సంజీవమ్మ. మాటలో కసి లేదు, అలవాటు ఉంది. "మీ ముత్తాతేమో అండమాను, నువ్వేమో కువైట్. సముద్రం దాటితే గానీ మీకు జైలు దొరకదు. గమ్మున ఆ గంగారత్నం అయిపోయి బస్సెక్కు."

"మా ముత్తాత సంగతి నీకు సగమే తెలుసు వదినా."

రెడ్డెమ్మ బేసిను అంచుకు చేతులు ఆనించింది.

"వందేండ్ల కిందటి ధాత కరువులో పిల్లోళ్ళు ఆకులు తింటాంటే, ఓబన్న తాత ఇంకో పదిమందితో పోయి షావుకారి కొర్రల పాతర తవ్వినాడు. తెల్లదొర ఇరవై ఏండ్లు అండమానుకు ఏసినాడు. ఆడ మెడకు ఇనప కడ్డీ, దానికి ఒక చెక్కపలక. పలక మీద నంబరు. పడవలు కట్టే కాడ రంపం పని చేపిచ్చినారు. ఇరవై ఏండ్లకు వదిలినారు, వచ్చినాడు. ఆయన కొడుకు, మా జేజినాయనకు అప్పుడు ఇరవై రెండేండ్లు, బుద్ధి తెలిసినంక నాయన ముఖం చూడడం అదే మొదలు."

"అది నాకు తెలుసు."

"విను. ఊళ్ళో పెద్దోళ్ళు చెప్పినారంట, ఓబన్నా, ఈడ ఉంటే నీకూ తలవంపు, మాకూ తలవంపు, యాడన్నా దూరం పోయి వేరే పేరు పెట్టుకుని బతుకు అని. ఆయన ఇంటికి పోయి, కూడా తెచ్చుకున్న ఆ మెడపలకను గడప మీద దూలానికి మేకు కొట్టినాడు. నేనే ఫలానా అని. మొదట్లో నవ్వినారు. మా ఊర్లో చెంబెడు నీళ్ళు లేవు, ఈయనకు వచ్చింది పడవల పని. ఆ చేత్తోనే బావుల్లో ఎద్దులతో నీళ్ళు తోడే కపిలకు గిలకలు చేసినాడు. ఆయన గిలక ఇరవై ఏండ్లు తిరిగినా అరిగేది కాదంట. ఐదారేండ్లకు చుట్టుపక్కల ఆయన గిలక లేని బావి లేదు. ఏ షావుకారి పాతర తవ్వినాడో, ఆ షావుకారి కొడుకే బండి కట్టుకుని వచ్చినాడు గిలక కోసం. ఆ పలక కింద వంగి లోపలికి వచ్చినాడు."

చినబాబు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పలక నేను చూసినా. అంకెలు అరిగిపోయినాయి. మేకులు అట్లనే ఉండాయి."

ఆమె పిండిలోంచి ఒక ముద్ద తుంచి, తెల్ల గిన్నెలో వేసి, రేపటికి మూత పెట్టింది.

"ఈ పిండి జైలు నుంచి వచ్చింది. నెల రోజులుగా వీధంతా తింటాండారు. జైలు పిండి కావాల, జైలు మనిషి పేరు వద్దు. ఇదేం న్యాయం చినబాబూ?"

చినబాబు టీ చల్లారిపోయింది. "సాయంత్రానికి జాబితా ఇచ్చేయాలండి," అని మాత్రం అన్నాడు. పాస్‌పోర్టును అలమారా మీద పెట్టి వెళ్ళాడు.

*

సాయంత్రం అసర్ నమాజు అయ్యేసరికి వీధివాళ్ళు గరాజు పెరట్లో వరస కట్టారు. చెక్కపెట్టెలు విరగ్గొట్టి వేసిన మంట డ్రమ్ము పొయ్యిలో ఎర్రగా కణకణలాడుతోంది. రెడ్డెమ్మ తలకు తువ్వాలు చుట్టుకుంది. పరిచిన పిండిని గుడ్డ దిండు మీద సాగదీసి, ఆ దిండుతో పొయ్యి లోపలి గోడకు ఒక్క చరుపు చరిచింది. వరసంతా చూస్తోంది. ముద్ద పోయిన సంగతి వీధికంతా తెలిసిపోయింది.

రొట్టె గోడ మీద నిమిషం సేపు చదునుగా ఉంది. తర్వాత ఒక మూల ఉబ్బింది. తర్వాత మొత్తంగా పొంగింది, మీద గోధుమరంగు మచ్చలు తేలాయి. కమ్మటి వాసన పెరడు దాటి వీధిలోకి పోయింది.

"హమ్మయ్య," అన్నారెవరో. పొయ్యి పక్కన నిలబడ్డ సంజీవమ్మ ఆ పొంగు తనదే అన్నట్టు వరస వైపు తలెత్తి చూసింది.

జైల్లో ఒక పద్ధతి ఉండేది. రొట్టె చేసినామె తన పేరు, నంబరు చెప్పి, మొదటి రొట్టె అందరి ముందూ తినాలి. అప్పుడే మిగతావాళ్ళకు పంచేవాళ్ళు. ఇక్కడ కూడా రెడ్డెమ్మ మొదటి రొట్టె తుంచి తినడం మానలేదు. పేరు మాత్రం నోట్లోనే అనుకునేది.

ఇవాళ ఆమె వరస వైపు తిరిగింది.

"నా పేరు రెడ్డెమ్మ. నంబరు మూడు వందల పదకొండు. పద్నాలుగు నెలలు ఈ ఊరి జైల్లో ఉండి వచ్చినా. దొంగతనం కేసు. నేను చెయ్యలేదు. చేసినా అనుకునేవాళ్ళు అనుకోండి, నేను ఒక్కొక్కరికీ చెప్పుకోలేను. ఈ రొట్టె ఆడ నేర్చుకున్నదే. మీతో పాటు బస్సులో ఈ పేరుతోనే రావాలని ఉంది. ఇష్టం లేకున్నా రొట్టె తీసుకపోండి. రొట్టెకు, దానికి సంబంధం లేదు."

తుంచి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

మొదట నిలబడ్డ పెద్దాయన సంచి తెరిచి పట్టాడు. ఎనిమిది రొట్టెలు వేసింది. తర్వాత పక్కింటి హమీదా బీ. ఆరు. మూడో మనిషి సూర్యకిరణ్. పక్కన ఆయన భార్య సత్యశ్రీ.

"పదహారు," అంది రెడ్డెమ్మ. మామూలుగా లెక్కపెట్టి వేసింది. ఆ ముఖంలో ఇంకేమీ లేదు.

సూర్యకిరణ్ సంచి మూతి ముడుచుకుని పక్కకు జరగబోయాడు. సత్యశ్రీ జరగలేదు.

"ఏవండీ. నిన్న చినబాబు గారి దగ్గర అన్న మాట ఇప్పుడు ఈవిడ ముందు అనండి."

"ఏంటే ఇది, నలుగురిలో..."

"నలుగురిలోనే అన్నారు కదండీ నిన్న. నెల రోజుల నుంచి మన పిల్లలు ఈవిడ చేతి తిండి తింటున్నారు. ఈవిడతో రాలేరని మీరే అనండి. నేను వింటాను."

సూర్యకిరణ్ చేతిలో సంచిలోంచి ఆవిరి వస్తోంది. ఆయన దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మళ్ళీ మార్చుకున్నాడు. వేడికి చెయ్యి కాలుతున్నట్టుంది.

"చినబాబూ," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "సాక్షులు ఇద్దరు కావాలన్నావు కదా. పెన్నుందా?"

వరస చివరి నుంచి ఎవరో చప్పట్లు కొట్టబోయి, రెడ్డెమ్మ ముఖం చూసి ఆగిపోయారు. ఆమె అప్పటికే తర్వాతి రొట్టె పొయ్యిలో చరిచింది. అయితే ఆ రోజు కాలిన రొట్టెల్లో ఒక్కటి కూడా మాడలేదు, ఒక్కటి కూడా బూడిదలో పడలేదు. అలా జరగడం నెల రోజుల్లో అదే మొదటిసారి.

*

కర్ఫ్యూ వేళకు ముందే తలుపు వేసుకుని అందరూ లోపల కూర్చున్నారు. చినబాబు అర్జీ కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు. మొదటి సాక్షి గడిలో సూర్యకిరణ్ సంతకం ఉంది.

"ఇంతకాలం ఉన్న చోటు అని ఉందండి. అర్దియా అని రాసేయనా? నెలగా ఇక్కడే ఉన్నారు కదా, అబద్ధం కాదండి."

"జైలు అని రాయి. తర్వాత అర్దియా అని రాయి."

పెన్ను గరగరలాడింది. గంగాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వెంకటేశ్వరికి నేను ఉత్తరం రాస్తాను," అంది రెడ్డెమ్మ చెల్లెలితో. "నీ పద్నాలుగు ఉత్తరాలు దాచిపెట్టుకోమని చెప్తా. అవి పిన్నమ్మ రాసినవి. అవీ ప్రేమతో రాసినవే. పదిహేనోది మాత్రం నాది."

గంగాదేవి తల ఊపింది.

"రెండో సాక్షి అండి," అన్నాడు చినబాబు. "హమీదా బీ గారిని అడుగుదామా?"

"ఎందుకు?" అంది సంజీవమ్మ. "నేను రక్తసంబంధమా? తమ్ముడి పెండ్లాం అక్క. నాకేమవుతాది? ఏమీ కాదు." ఆమె లేచి బొగ్గు ముక్క తెచ్చుకుంది. ఒక చుక్క నూనె వేసి నూరి, బొటనవేలు అద్దింది. "యాడ పెట్టాల చెప్పు. నీ ముద్ద దోసెలు పోసిన వేలే ఇది. దీంతోనే పెడతాండా."

వేలిముద్ర కొంచెం పెద్దదిగా, గడి దాటి పడింది.

రెడ్డెమ్మ ఆ నల్లటి గుర్తు వైపు చాలాసేపు చూసింది. అప్పుడు తెల్ల గిన్నెలోంచి ముద్ద తీసి, గుడ్డలో మూటకట్టి సంజీవమ్మ ఒళ్ళో పెట్టింది. "బస్సులో నీ దగ్గరే పెట్టుకో వదినా."

"నా దగ్గరా?"

"నీకంటే దీన్ని ఎక్కువసార్లు గుడ్డ ఎత్తి చూసినోళ్ళు లేరు."

సంజీవమ్మ మూటను రెండు చేతులతో పట్టుకుంది.

చినబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అలమారా మీది పాస్‌పోర్టు కూడా తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒక మాట చెప్పాలండి, తర్వాత నన్ననుకోవద్దు. సంతకాలు అయ్యాయి, బాగానే ఉంది. కానీ బస్రా చేరేలోపు నాలుగు చెక్‌పోస్టులున్నాయండి. ఎక్కడన్నా ఆపి, ఈవిడని దిగమంటే..."

"దిగుతా," అంది రెడ్డెమ్మ. "నాతో పాటు ఎవురూ దిగొద్దు. మీరు పోవాల."

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని చిన్నపుల్లయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గోళ్ళ సందుల్లోని గ్రీజును గుడ్డతో తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు. గొంతు పెంచలేదు. రాత్రికి అన్నం ఏ కూరతో అని అడిగినంత మామూలుగా అన్నాడు.

"బస్సు తోలేది నేను వదినా. నిన్ను దింపిన చోట తాళంచెవి తీసి జేబులో ఏసుకుంటా. నువ్వు ఎక్కినంక కదులుతాది."